డైరెక్టుగా డాక్టర్

ముందే చెబుతున్నాను, గోరంతను కొండంత చేసే జబ్బు నాది. సగం తగ్గించి చదువుకోండి.

2001లో బీయస్సీ కాగానే, విడిగా ఎమ్మెస్సీ చదవకుండానే కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసే ఇంటిగ్రేటెడ్ కోర్సులో సీటొచ్చింది. గవర్నర్‌పేటలో టైలరైన మా అబ్బాజాన్ కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ, "మావాడు డైరెక్టుగా డాక్టరేనండీ!" అని చెప్పి, బెజవాడంతటికీ సరిపోయే తెల్లకోటు కుట్టారు. నా చదువులో రోగులుండరని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఐదో ఏడాది ఆయన ఆసుపత్రిలో చేరారు. నేను వెళ్లగానే వార్డంతా వినేలా, "మా డాక్టరొచ్చాడు!" అంటూ చెయ్యి చాచారు.

"నాడి చూడు బేటా. వీళ్ల మాట నాకు నమ్మకం లేదు."

నేను గంటసేపు లెక్కపెట్టి, "గడియారం కన్నా కచ్చితంగా కొట్టుకుంటోంది అబ్బాజాన్" అన్నాను. ఆయన నవ్వారు. మర్నాడు పోయారు.

మిగతా గొప్పల్ని క్షమించండి. పూర్తిగా కల్పించింది మాత్రం ఆ నాడి చూడటమే. అందరి ముందూ సిగ్గేసి, "నేను ఆ డాక్టర్ని కాదు, ఎన్నిసార్లు చెప్పాలి?" అని కసిరాను. అంతకుముందు ఒక్కసారీ చెప్పలేదు. ఆయన చాచిన చేతిని మెల్లగా దుప్పట్లోకి తీసుకున్నారు.