గూడబాతుల చెరువూ మా అత్తగారి అనుమానమూ

మా అత్తగారు పోయారు. పోయిన నెలలో, పొద్దున పాలు కాచే వేళకు. అంతకు ముందు రోజే పక్కనున్న కోట ఊరి నుంచి డాక్టరు వచ్చి నాడి చూసి, "ఏం ఫర్వాలేదమ్మా, త్వరలోనే లేచి తిరుగుతావు" అన్నాడు. ఆయన గడప దాటగానే ఆమె నన్ను దగ్గరకు పిలిచారు. "ఏమ్మే, ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలా. గోడకేసి చూసినాడు. అబద్ధం చెప్తా ఉండాడు" అన్నారు. ఆమె అనుమానమే నిజమైంది.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు వాళ్ళ మంచితనంతో మొదలుపెట్టడం మర్యాద. నేను మాత్రం మా అత్తగారి అనుమానం గురించే ముందు చెప్పాలి. ఇవాళ మా ఊరి చెరువులో పక్షులు గూళ్ళు కట్టుకుంటున్నాయంటే ఆ అనుమానం వల్లనే.

చిన్న వయసులోనే మామగారు పోతే, పొలమూ పిల్లలూ ఆమె చేతి మీద పడ్డాయి. ధాన్యం కొనేవాడూ, పొలం గట్టు పక్కవాడూ, సొంత దాయాదులూ అందరూ తలా ఒకసారి మోసం చేసినవాళ్ళే. అప్పటినుంచి ఎవరినీ నమ్మడం మానేశారు. కొట్లో సరుకు తూయబోతే ముందు ఖాళీ తక్కెడ ఎత్తి చూపమనేవారు. బంధువుల ఇళ్ళకు పోతే మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. నేను కాపురానికి వచ్చి మొదటిసారి చారు పెట్టిన రోజు, "ముందు నువ్వు తాగు మే" అన్నారు. నేను వంటింట్లో ఏడ్చాను. మా ఆయన నవ్వి, "అమ్మ అంతే, నన్ను కూడా నమ్మదు" అన్నారు.

మా ఊరు సముద్రానికి కొంచెం ఇవతల, పులికాట్ సరస్సుకు దగ్గరలో ఉంది. మా చెరువులో నీళ్ళలోనే నిలబడి పెరిగే కడప చెట్లున్నాయి. కార్తీకపు వానలకు చెరువు నిండగానే గూడబాతులు వచ్చి ఆ కొమ్మల మీద గూళ్ళు కడతాయి. బూడిద కలిసిన తెలుపు రంగు, పెద్ద పెద్ద రెక్కలు, ముక్కు కింద సంచి. సరస్సులో చేపలు పట్టి ఆ సంచిలో తెచ్చి పిల్లలకు పెడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్ళు పారిన మడిలో వరి నల్లగా ఏపుగా లేస్తుంది. ఊళ్ళో ఎవరూ వాటి మీద రాయి విసరరు.

మా అత్తగారి పుట్టింటి ఊరి చెరువులోనూ ఒకప్పుడు ఇలాంటి చెట్లే ఉండేవట. ఇటుక బట్టీల కోసం కొట్టేశారు. "కొన్నే కొడతామన్నారు. అన్నీ కొట్టినారు. ఆ పైయేడు పక్షులు వచ్చినాయి. ఊరి మీద చుట్టూ తిరిగి తిరిగి ఎల్లిపోయినాయి. మళ్ళా రాలా" అని చెప్పేవారు. ఇక ఈ చుట్టుపక్కల అవి పిల్లలు చేసే చోటంటూ మా చెరువు ఒక్కటే మిగిలిందని పెద్దవాళ్ళు అనేవారు.

అలా ఉండగా ఒక వేసవిలో మా ఊళ్ళోకి జీపు వచ్చింది. గొలుసులతో కొలిచి, ఎండిన చెరువు నడుమ వరసగా ఎర్ర జెండాలు పాతారు. అడిగితే రోడ్డు వస్తుందన్నారు. ఊరంతా సంతోషపడింది. మా అత్తగారు మాత్రం వాకిట్లో నిలబడి, "రోడ్డయితే కట్ట మీద పోవాల. చెరువు నట్టనడుమ దానికేం పని?" అన్నారు.

ఆ కొలతల జట్టులోనే మా అన్న సూపర్వైజరు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి ఆమె నా వైపు చూసే చూపు మారింది. నేను పుట్టింటికి జాబు రాస్తుంటే పక్కన వచ్చి కూర్చునేవారు. అన్న నన్ను చూడడానికి వచ్చినప్పుడు తలుపు వెనక నిలబడ్డారు. ఆమె అక్కడున్నట్టు నాకు తెలుసు. అయినా అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. అది రోడ్డేనా?"

అన్న వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కాదమ్మా. చమురు గొట్టం. సముద్రం వొడ్డున ఓడల్లోంచి దించి, నేల కింద గొట్టాల్లో లోపలికి పంపుతారు. చెరువుకు గండి పెట్టి, చెట్లు కొట్టి తవ్వుతారు. తూర్పున ఎవురూ సాగు చెయ్యని ఇసుక పర్ర మీదుగా కూడా తీసుకుపోవచ్చు. దూరం ఎక్కువని వద్దనుకున్నారు" అన్నాడు.

మా అత్తగారు తలుపు తీసుకుని బయటికి వచ్చారు. "నేను విన్నాను అబ్బయా. అయితే ఇది మాకెందుకు చెప్తా ఉండావు? మీవోళ్ళే చెప్పి రమ్మన్నారా?"

అన్న మొహం చిన్నబోయింది. మజ్జిగ తాగకుండానే వెళ్ళిపోయాడు.

సంగతి ఊరికి తెలిసింది. ఆ వేసవికి పని మొదలు కాలేదు. కార్తీకం వచ్చి చెరువు నిండి, గూళ్ళల్లో పిల్లలు కూడా లేచాక, మునసబుగారు నలుగురిని వెంటబెట్టుకుని గొట్టం కంపెనీ ఇంజనీరు దగ్గరకు వెళ్ళి వచ్చారు. పిల్లలు ఎగిరిపోయేదాకా చెట్ల జోలికి రామని ఇంజనీరు మాటిచ్చాడట. ఆలోగా వేరే దారి చూస్తామని కూడా అన్నాడట. అందరూ తేలికపడ్డారు.

"మాటిచ్చేటప్పుడు ఆయన నీ మొహం చూసినాడా అన్నా?" అని మా అత్తగారు మునసబుగారిని అడిగారు. ఆయన విసుక్కున్నారు.

మర్నాటి నుంచి ఆమె మకాం చెరువు కట్ట మీదికి మారింది. తాటాకుల పంచ కింద తెల్లవారి కూర్చుంటే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. ఊళ్ళో వాళ్ళు ఆమెను గూడబాతుల మంత్రసాని అని ఎగతాళి చేశారు. "మంత్రసాని అయితే మాత్రం, కానుపు అయ్యేదాకా లేచిపోతాదా?" అన్నారామె.

ఒక ఉదయం నేను చద్దన్నం తీసుకుని వెళ్ళేసరికి కట్ట కింద లారీ ఆగి ఉంది. గొడ్డళ్ళు పట్టుకుని కూలీలు నీళ్ళలోకి దిగుతున్నారు. మా అత్తగారు అప్పటికే చీర ఎగ్గట్టి, నడుం లోతు నీళ్ళలో మొదటి చెట్టును ఆనుకుని నిలబడి ఉన్నారు.

"పక్కకు రా పెద్దమ్మా, మా కూలి పోతాది" అంటున్నాడు మేస్త్రీ.

"ఎవురు కొట్టమన్నారు నిన్ను?"

"ఇంజనీరుగారు."

"ఆయన్నే రమ్మను. ఈ చెట్టెక్కి, ఆ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే చేత్తో దించమను. తరవాత కొడుదువుగానీ."

పైన పక్షులు గోలగోలగా లేచాయి. ఆమె తల మీదా భుజాల మీదా రెట్టలు పడి తెల్లగా కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను పొలాల వైపు తిరిగి గొంతు చించుకుని అరిచాను. కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నీళ్ళలోకి దిగారు. ఇంతలో అవతలి చెట్టు దగ్గరున్న కూలీ ఒకడు కొమ్మ మీద వేటు వేశాడు. గూడు విరిగి నీళ్ళలో పడింది. ఇంకా రెక్కలు రాని, తెల్లటి నూగు పిల్ల నీళ్ళ మీద కొట్టుకుంటోంది. మా అత్తగారు దాన్ని తీసి పైట కొంగులో పొదువుకున్నారు. వేటు వేసినవాడు అది చూసి గొడ్డలి భుజాన వేసుకుని గట్టుకు నడిచాడు. అతని వెనకే మరొకడు.

అప్పుడే మా అన్న జీపులో వచ్చాడు. మేస్త్రీ అతని వైపు చూశాడు, ఏం చెయ్యమంటావన్నట్టు.

"కొట్టొద్దు. నేను పోయి చెప్తాను" అని అన్న జీపు వెనక్కి తిప్పాడు.

"పారిపోతా ఉండాడు చూడండి!" అని మా అత్తగారు నీళ్ళలోంచి అరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ ఇంజనీరు వచ్చాడు. అన్న రాలేదు. ఇంజనీరు నీళ్ళలో నిలబడిన ఆడవాళ్ళందరినీ చూసి లారీని పంపేశాడు. ఆ పిల్లను బతికించాలని మా అత్తగారు చిన్న చేపలు తెప్పించి నోట్లో పెట్టి చూశారు. సాయంత్రానికి అది చచ్చిపోయింది. ఆ పూట ఆమె అన్నం తినలేదు.

తరవాత ఎర్ర జెండాలు మా చెరువులోంచి లేచి ఇసుక పర్ర మీదికి పోయాయి. కొన్నాళ్ళకు అక్కడా పని ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. "కాసుకోని ఉండారు. మళ్ళా వస్తారు" అనేవారు మా అత్తగారు. మశూచి టీకాల జీపు వచ్చినా, ఎన్నికల జీపు వచ్చినా లేచి వెళ్ళి చెరువు చూసి వచ్చేవారు.

గొట్టం సంగతి ఊరికి చేరవేసింది మా అన్నేనని కంపెనీవాళ్ళు అనుమానించారు. ఉద్యోగం పోయింది. ఇటు మేమూ నమ్మలేదు, అటు వాళ్ళూ నమ్మలేదు. ఆ సంగతి నేను మా అత్తగారికి చెప్పాను. తరవాత ఒక పొద్దున, "బండి కట్టించు, మీ అన్న ఇంటికి పోదాం" అన్నారు.

నాయుడుపేట దగ్గర చిన్న పెంకుటిల్లు వాళ్ళది. పోగానే నిలబడే అడిగారు.

"నిన్ను తీసేసినారంట, నిజమేనా అబ్బయా?"

"నిజమే అత్తా."

"మా మూలంగానా?"

అన్న ఆమె మొహంలోకే చూసి, "మీ మూలంగా కాదు. ఆ రోజు కొట్టమని నేను చెప్పలేకపోయినాను, అంతే" అన్నాడు.

ఆమె కాళ్ళు కడుక్కుని వచ్చి విస్తరి ముందు కూర్చున్నారు. మా వదిన వడ్డించింది. మా అత్తగారు ఎవరినీ ముందు తినమనలేదు. చారు కలుపుకుని తిని, మారు అడిగి వేయించుకున్నారు. నేనూ అన్నా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదినకు ఇదంతా తెలియదు, పాపం, ఉప్పు తక్కువైందేమోనని కంగారుపడుతోంది.

తిరుగు బండిలో చాలా దూరం వచ్చాక అన్నారు: "మీ అన్న మంచోడే మే. అయినా ఒక కన్నేసి ఉంచు."

ఆ పంటకే మా పొలం చూసే పని మా అన్నకు అప్పజెప్పారు. కళ్ళంలో నిలబడి ప్రతి బస్తా తూయించేవారు, అది వేరే సంగతి. ఇప్పటికీ ఆ పొలం అన్నే చూస్తున్నాడు.

ఈ ఏడు పక్షులు వచ్చేనాటికి ఆమెకు చూపు బాగా మందగించింది. ఒక సాయంత్రం నా చెయ్యి పట్టుకుని కట్ట మీదికి వచ్చారు. కట్టకు దగ్గరగా ఉన్న కొమ్మ మీద తల్లి పక్షి వచ్చి వాలింది. దాదాపు తల్లంత ఎదిగిన పిల్ల ఒకటి తల మొత్తం దాని నోటి సంచిలోకి దూర్చేసింది. తల్లి తూలి, పడబోయి, రెక్కలు బార్లా చాపి నిలదొక్కుకుంది. మా అత్తగారికి ఎంత కనిపించిందో నాకు తెలియదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేట్టు, చిన్నపిల్లలా నవ్వుతూ ఉండిపోయారు.