చిన్నాయిన కొన్న కంప్యూటర్

ఆ రోజుల్లో మా వైపు ఇంటర్నెట్ ఇంట్లో ఉండేది కాదు. అదెక్కడో ఉండేది, మనమే పోయి రావాలి. "ఎక్కడికి పోయినవే?" అంటే "నెట్‌కు పోయిన" అనేవాళ్లం, అంగడికి పోయొచ్చినట్టే. ఇప్పుడు మా పిల్లలు పడుకున్న చోటే ఫోన్లో లోకమంతా చూస్తుంటే, ఒక ఆటబొమ్మకు ఇంటర్నెట్ తెప్పించడానికి నేను పడ్డ తిప్పలు గుర్తొచ్చి నవ్వొస్తుంది. నవ్వుతోపాటు మా చిన్నాయిన కూడా గుర్తొస్తాడు.

చిన్నాయిన అంటే మా నాయిన తమ్ముడు. తెలకపల్లి దగ్గరి మా ఊరి నుంచి కూలీల గుంపును బొంబాయి తీసుకుపోయి, అపార్ట్‌మెంట్ల పని చేయించే మేస్త్రీ. ఆయనకు పిల్లలు లేరు. నేను వనపర్తిలో కంప్యూటర్ డిప్లొమాలో చేరానని తెలిసిన రోజు సైటు మీద అందరికీ మిఠాయి పంచాడట. ఆ ఏడు ఊరికొస్తూ నాకొక నల్లటి డబ్బా తెచ్చాడు. "పెద్ద కంప్యూటర్లు ఇగ పాతవడ్డయంట బిడ్డా. ఇప్పుడు గిట్ల చేతుల పట్టేటియే వస్తున్నయంట. దీంట్ల ఇంటర్నెట్ గూడ ఉంటదని దుకాణపాయన చెప్పిండు" అన్నాడు. తెరిచి చూశాను. రెండు చేతుల్లో పట్టుకుని ఆడుకునే వీడియో గేమ్. అటు కొన్ని బొత్తాలు, ఇటు కొన్ని బొత్తాలు, నడుమ అరచేయంత తెర. అప్పటికే బస్సులో పక్కనున్న వాళ్లకు, ఊర్లో కిరాణా దుకాణంలో, దారిలో కనిపించిన ప్రతి మనిషికీ "మా బిడ్డకు కంప్యూటర్ కొన్న" అని చెప్పేశాడు. ఆయన మొహంలో సంబరం చూశాక, ఇది ఆటబొమ్మ అనే మాట నా నోట రాలేదు. "మస్తుంది చిన్నాయినా" అన్నాను. "అయితే బొంబాయి పోయే ముంగట ఐతారం నీ కాలేజీకొస్త. నెట్ ఎట్ల నడుస్తదో నా కండ్లతోని చూసి పోత" అన్నాడు. ఆదివారానికి వారమే ఉంది. అది నడవకపోతే, మోసపోయి బొమ్మ కొన్నానని ఆయనకు తెలిసిపోతుంది. ఊరు నవ్వడం సరే, ఆయన మొహం చిన్నబోతే నేను చూడలేను.

కాలేజీ మొత్తానికి తీగ లేని ఇంటర్నెట్ కంప్యూటర్ ల్యాబులో ఒక్కచోటే వచ్చేది. ఆ ల్యాబుకు తాళాల సార్ అధికారి. (నడుముకు వేలాడే తాళాల గుత్తిని బట్టి మేం పెట్టుకున్న పేరు. గుత్తి చప్పుడు వినబడితే చాలు, అల్లరి ఆగిపోయేది.) అక్కడ ప్రాక్సీ అని ఒక సర్వర్ వాకిట్లో కాపలాదారులా కూర్చుని ఉండేది. ఎవరు బయటికి పోవాలన్నా దానికి తమ పేరు, పాస్‌వర్డ్ చెప్పుకోవాలి. నా బొమ్మలో ఆ ప్రాక్సీ చిరునామా రాయడానికి చోటుంది గానీ, పేరూ పాస్‌వర్డూ రాయడానికి చోటే లేదు. (ఆడుకునే పిల్లలకు కూడా హాజరు పిలుస్తారని దాన్ని చేసినవాళ్లు అనుకోలేదు పాపం.) వారమంతా బొత్తాలు నొక్కి నొక్కి నా బొటనవేళ్లు వాచాయి. ప్రతిసారీ అనుమతి లేదనే జవాబే.

చివరికి దారి దొరికింది నా పుస్తకాల్లో కాదు. చిన్నప్పుడు సెలవులకు బొంబాయి పోయినప్పుడు, సైటు గేటు దగ్గర కాపలావాడు కూలీల్లో ఒక్కరి పేరూ అడగలేదు. ముందు నిలబడ్డ చిన్నాయిన "అందరు నా మనుషులే" అన్నాడు, గుంపంతా లోపలికి పోయింది. నా బొమ్మకు కావలసింది కూడా ఒక మేస్త్రీయే. ల్యాబులోని ఒక కంప్యూటర్‌ను నడుమ నిలబెట్టాలి. బొమ్మ దాన్ని అడుగుతుంది, అది నా పేరూ పాస్‌వర్డూ చెప్పి ప్రాక్సీని అడుగుతుంది. అలా నడుమ నిలబడే ప్రోగ్రాం వెతికి పట్టుకుని తాళాల సార్ దగ్గరికి పోయాను.

"అంటే దొంగతోవన్నట్టు" అన్నాడు ఆయన.

"కాదు సార్, నా పేరే పోతది. ఏమన్నయితే నన్నే పట్టుకోండ్రి."

"ఒక ఆటబొమ్మ కోసం ఐతారం నాడు నన్ను రమ్మంటవా?"

అప్పుడు జరిగిందంతా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను కూడా. సార్ తాళాల గుత్తి కాసేపు తిప్పుతూ కూర్చుని, "పొద్దుగాల రమ్మను" అన్నాడు.

ఐతారం చిన్నాయిన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సంచీలో ఉడకబెట్టిన పల్లికాయతో దిగాడు. ల్యాబులో వరసగా పెట్టిన పెద్ద కంప్యూటర్లను జాలిగా చూసి, "పాపం, పాతయి" అన్నాడు. నేను బొమ్మ వెలిగించాను. ఒక పేజీ సగం వచ్చి, మెమరీ చాలదని ఆగిపోయింది. (మా లెక్కల సార్ నా గురించి అనే మాటే అది.) రెండోసారి నిలబడింది.

"ఏం చూస్తవ్ చిన్నాయినా?"

"నేను కట్టిన బిల్డింగ్ వస్తదా?"

బిల్డింగ్ పేరు ఒక్కో అక్షరం వెతికి కొట్టాను. ఫోటో పైనుంచి కొద్దికొద్దిగా దిగింది. ముందు ఆకాశం, తర్వాత నీళ్ల ట్యాంకు, తర్వాత ఒక్కో అంతస్తు. చిన్నాయిన ఊపిరి బిగబట్టి చూశాడు.

"పచ్చ రంగేసిండ్రు" అన్నాడు. "నేనైతే వెయ్యనిద్దునా?" తెర మీదనుంచి చూపు తిప్పకుండానే మళ్లీ అన్నాడు, "పని అయినంక మమ్ములను గేటు దాటి రానియ్యరు బిడ్డా. మొత్తమెట్లైందో నేను ఇయ్యాలనే చూస్తున్న."

ఆయన కళ్లు తుడుచుకుని సార్ వైపు తిరిగాడు. "సార్, నాకు చదువు తెల్వదు. నిజం చెప్పుండ్రి, మంచి కంప్యూటరేనా?"

సార్ నన్ను చూశాడు, బొమ్మను చూశాడు. "మా దగ్గర గిసొంటిది ఒక్కటి గూడ లేదు పెద్దాయనా" అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ సంతోషంలో చిన్నాయిన దాన్ని చేతిలోకి తీసుకుని ఏ బొత్తాం నొక్కాడో ఏమో, రయ్యిమని మోటారుసైకిళ్ల పందెం మొదలైంది.

"ఇదేంది?"

"అది... చదివి చదివి అలసిపోతే ఆడుకోనీకి ఇచ్చిండ్రు చిన్నాయినా."

"మంచోళ్లే కంపెనోళ్లు" అంటూ కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత పల్లికాయ నేనూ సార్ తిన్నాం. ఆయన మాత్రం మోటారుసైకిల్‌ను గోడకు గుద్దుతూ, లేపుతూ, మళ్లీ గుద్దుతూ మధ్యాహ్నం బస్సు పోగొట్టుకున్నాడు.

సాయంత్రం బస్సెక్కబోతూ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "బిడ్డా, ఊర్ల ఎవ్వలకు ఆట సంగతి చెప్పకు. ఇంత మంచి కంప్యూటర్ను పట్టుకొని ఆటబొమ్మ అంటరు." చెప్పనని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

తర్వాత ఉద్యోగంలో అసలైన కంప్యూటర్లు చాలానే చూశాను. చిన్నాయిన ఇప్పుడు లేడు. అయినా మొదటి కంప్యూటర్ ఎవరు కొనిచ్చారని ఎవరడిగినా, తడుముకోకుండా ఆయన పేరే చెబుతాను. ఆట సంగతి మీకొక్కరికే చెప్పాను. మా ఊరివాళ్లెవరైనా కలిస్తే జర చెప్పకండి.