తాండూరులో ఒక గుక్క షాంపేన్

ఉదయం ఏడు గంటలకు నాంపల్లిలో ప్యాసింజరు ఎక్కినప్పుడు నా చేతిలో తాండూరు టికెట్టు, భుజాన గోనెసంచి ఉన్నాయి. సంచిలో రంపపు పొట్టు, పొట్టు మధ్యలో ఐసుగడ్డ. ఆ గడ్డ పొట్టేలంత ఉందని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. అమ్మినవాడు మాత్రం కోడిపిల్లంత అంటాడు.

ఆ ఐసు నా పాత నేస్తం సాయన్న దగ్గరున్న షాంపేన్ సీసాను చల్లబరచడానికి. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండ మీద ఒక జాగీర్దారు బంగళాలో సాయన్న పడుచుతనమంతా షాంపేన్ పోశాడు. ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. జాగీర్లు పోయాక దొర బంగళా ఖాళీ చేస్తూ ఒక సీసా అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఫ్రాన్సులో తాతల నాటి నుంచీ ఇదే పనిగా ఉన్న ఇంటివాళ్లు నేలమాళిగలో ఏళ్ల తరబడి మాగబెట్టిన సరుకట. సాయన్న దాన్ని జొన్నల గుమ్మిలో దాచాడు. ఇప్పుడు తాండూరులో మనుమరాలికి పేరు పెట్టే రోజున తెరుస్తానని నాకు కబురు పంపాడు. నేను ఒక విందులో షాంపేన్ తాగిన సంగతి అతనికి పదిసార్లు చెప్పాను మరి.

లింగంపల్లి దాటేసరికి బోగీలో మూసీ పారింది. ఎదురు బల్ల మీద కూర్చున్న ఒకామె కాళ్లు పైకి పెట్టుకుంది.

"ఏం సారూ, నీ సంచి ఏడుస్తున్నది, అత్తగారింటికి తోల్కపోతున్నవా?"

తొమ్మిదిన్నరకు వికారాబాద్‌లో సాయన్న ఎక్కాడు. చంకలో గొంగడి, గొంగడిలో సీసా. గొర్రెలవాళ్ల ఇంట పుట్టినవాడు, వేరే ఐసుపెట్టె అతనికెందుకు? మిగిలిన ఐసునూ అందులోనే చుట్టేశాడు.

"గొంగడిలకు ఎండ రాదు సారూ, ఫికర్ జెయ్యకు."

ధారూర్ దగ్గర అతని గొంతు తగ్గింది. "ఇన్నేండ్లాయె. పులిసి సిర్క అయ్యిందేమో."

"అయితే?"

"అయితే గంతే. దొర మొదటి గుక్కకు కండ్లు మూస్తుండె. ఎందుకు మూస్తుండెనో నాకు ఎర్క లేకుంటనే పోత."

పదకొండుకు తాండూరు. ఊరంతా నాపరాళ్లే, అరికాళ్ల కింద రొట్టె కాల్చుకోవచ్చు. కూతురింట్లో పేరు పెట్టడం అయింది, జొన్నరొట్టెలు, మటన్ కూరతో భోజనమూ అయింది. సాయన్న పెరట్లో చేతులు కడుక్కుంటున్నాడు. అల్లుడు బాలయ్యది గోలీసోడా కార్ఖానా. లోకంలో సీసా అనేదాన్ని బిరడా లోపలికి నొక్కే తెరవాలని అతని నమ్మకం. బిరడాకు చుట్టిన తీగ తెంపి, దాని మీద గోలీ నొక్కే సోడా కట్టె పెట్టి, ఒళ్లంతా బరువేసి నొక్కాడు.

"మామా, నీ దొరల గోలీ మస్తు మొండిది."

అలిసిపోయి చెయ్యి తీశాడు. అప్పుడు తుపాకీ పేలింది. బిరడా పైకప్పు పెంకు పగలగొట్టి కర్ణాటక వైపు వెళ్లింది. బాలయ్య మీసాల మీదుగా నురుగు జారింది.

సాయన్న తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, కారుతున్న నురుగును చూస్తూ నిలబడ్డాడు. తిడతాడనుకున్నాం.

"పానం ఉన్నది, సచ్చిపోలే," అన్నాడు మెల్లగా.

మనుమరాలి కోసం ముందే వచ్చి ఉన్న అతని భార్య ఎల్లమ్మ సీసా లాక్కుంది. "ముందు పోశమ్మకు సాక పొయ్యాలె." కల్లయినా సారాయైనా అమ్మవారికి నేల మీద పోయనిదే ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. ఆమె ధారాళంగా పోసింది. ఫ్రాన్సు వాళ్లు చూస్తే అక్కడే కూలబడేవారు.

మిగిలింది ఇత్తడి గ్లాసుల్లో తలా రెండు గుక్కలు. రంగు పాత తేనె. వాసనలో పెనం మీద మాడీ మాడని రొట్టె అంచు. నాలుక మీద ముందు పచ్చి మామిడి, వెనక వేయించిన పల్లీ, ఆ తర్వాత సన్నటి బుడగలు చక్కిలిగింతలు పెట్టి పోయాయి. విందులో నేను తాగింది దీని ముందు బాలయ్య సోడా.

సాయన్న కళ్లు మూశాడు. ఎంతసేపటికీ తెరవలేదు. ఎల్లమ్మ భుజం తట్టింది.

"ఏమయ్యా, పాడైందా?"

"లేదే. జర ఉండు, రుసి ఇంక పోలే."

ఆమె అతని గ్లాసు అందుకుని అడుగున ఉన్నది తాగింది. ఆమె కళ్లు కూడా మూతపడ్డాయి.

సాయంత్రం నాలుగింటి బండికి నన్ను సాగనంపడానికి సాయన్న స్టేషన్‌కి వచ్చాడు. బండి కదిలాక కిటికీ పట్టుకుని పక్కన నడుస్తూ అన్నాడు:

"సారూ, నేను ఇన్నేండ్లు పోసింది మంచిదే."

ఆ రుచి శంకర్‌పల్లి దాకా నాలుక మీదే ఉంది. పోతుందన్న భయంతో టీ తాగలేదు, టికెట్ కలెక్టర్ ఎక్కడికని అడిగితే నోరు తెరవకుండా వేలితో హైదరాబాదు చూపించాను.