కొండదారికి కుట్టిన కుర్తా

నఫీసా బ్లేడు కొసను కుట్టు కింద దూర్చి ఒక్కో పోగూ తెంపుతోంది. దారమే తెగాలి, గుడ్డ తెగకూడదు. కుర్తా కుడి పక్క కుట్టును చంక నుంచి తుంటి దాకా విప్పి, రెండు అంచులనూ వేళ్లతో సాగదీసి వెలుతురుకు పట్టి చూసింది. పాత సూది చిల్లులు వరసగా కనిపించాయి. మళ్లీ వాటి మీదే కుడితే బట్ట నిలవదు. అరంగుళం బయటికి జరిపి సుద్దతో గీత గీసింది.

ఆమె ఎదురుగా, ఒమన్‌లోని సీబ్ బజారులో ఉన్న ఆ లేడీస్ టైలరింగ్ దుకాణం నడిమధ్యలో, ఒక రేసు సైకిలు నిలబడి ఉంది. వెనక చక్రాన్ని ఇనుప స్టాండులో బిగించారు. దాని మీద సిద్రా కూర్చుని, ఉన్నచోటనే పెడళ్లు తొక్కుతోంది.

"ఇంకా ఎంతసేపు, ఆపా?"

"తొక్కుతా ఉండు. ఇబ్రి ఊరి దాకా పొయ్యి రా, అంతలోపల అయిపోతాది."

సిద్రా హైదరాబాదు పిల్ల. భర్త కమ్రాన్ ఉద్యోగంతో ఒమన్ వచ్చి, సీబ్‌లోనే ఒక స్కూల్లో లెక్కలు చెబుతోంది. పొద్దున్నే సముద్రం పక్క రోడ్డు మీద సైకిళ్లు తొక్కే ఆడవాళ్ల గుంపులో చేరింది. ఆ దారి బల్లపరుపు. వదులు కుర్తా, కింద ప్యాంటు వేసుకుని హాయిగా తొక్కేది. ఈసారి గుంపు కొండ ఎక్కాలనుకుంది. అడుగున ఉన్న బిర్కత్ అల్ మౌజ్ ఊరి నుంచి జబల్ అఖ్దర్ కొండ పైకి, ఆపైన కొండ మీది ఊళ్ల మధ్య తిరిగే రోడ్డు వెంట. దానికోసం ఒక లోయ దారిలో సాధన చేస్తుంటే, దిగుడులో సిద్రా కుర్తా అంచు వెనక చక్రంలో పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఎముకకేమీ కాలేదు. కానీ గుంపును నడిపించే ఆవిడ ఖండితంగా చెప్పేసింది: ఒంటికి అతుక్కునే సైకిలు బట్టలు వేసుకునిరా, లేదా ఆ రోజు మాతో కారులో రా.

"అతుక్కునే బట్టలు నాకొద్దు," అంది సిద్రా, మొదటిసారి దుకాణానికి వచ్చినప్పుడు. "ఎవరి బలవంతమూ లేదు ఆపా. కమ్రాన్ అయితే నీ ఇష్టం అన్నాడు. నాకే వద్దు. మోకాళ్ల దాకా వదులుగా ఉండాలి. అట్లని కార్లో కూర్చుని చప్పట్లు కొట్టడానికి కూడా పోను. నువ్వు కుట్టగలిగితే తొక్కుతా. లేకపోతే ఆ శుక్రవారం ఇంట్లో ముసుగు తన్ని పడుకుంటా."

"పడుకునేదానికి నైటీ కుట్టిస్తాలే. ముందు సైకిలు తీసుకరా, చూస్తా."

ఇద్దరి ఇళ్లలోనూ దక్కనీ ఉర్దూయే. అయినా మాట దక్కనీలో మొదలై, నాలుగు మాటలు గడిచేసరికి తెలుగులోకి వచ్చేస్తుంది. నఫీసాది ప్రొద్దుటూరు. ఆమెకు కుట్టు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చిన్నప్పుడు తల్లి ఖాజాబీ పాత బట్టలు విప్పి, ముక్కలను నేల మీద పరిచి, ఏది దేనికి అతికిందో చూసుకుంటూ నేర్చుకుంది. ఒమన్‌కు మొదట ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి వచ్చింది. ఆ ఇంటి మేడమ్ పండగ బట్ట భుజాల దగ్గర కుదరక పక్కన పడేస్తే, అడిగి తీసుకుని సరిచేసింది. కొన్నాళ్లకు ఆ మేడమే ఈ దుకాణం తెరిచి కత్తెర ఆమె చేతికిచ్చింది. అప్పటి నుంచీ ఏ బట్ట వచ్చినా నఫీసా మొదట చేసే పని ఒకటే. కుట్టేముందు మనిషి ఎట్లా కదులుతుందో చూస్తుంది. పిల్లల తల్లికి జబ్బ దగ్గర వదులు, వంట పని ఎక్కువున్నవాళ్లకు చేతులు పొట్టి.

సిద్రాను కూడా సైకిలు మీద వంగి కూర్చోబెట్టి కొలతలు తీసింది. ఇప్పుడు సుద్దతో గీసిన కొత్త గీత మీద కుట్టేసి, తొడిగి, తొక్కించింది. వీపు మీద ఒక్క ముడత లేదు. అంచు మోకాలు దగ్గర బుద్ధిగా ఊగుతోంది. నఫీసా చుట్టూ తిరిగి చూసి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"బాగుంది కదా?"

"బాగుంది. కానీ ఆపా, ఇక్కడ గాలి లేదు, ఎత్తు లేదు."

నఫీసా నడుము మీంచి చేతులు తీసేసింది. సిద్రా చెప్పింది నిజం. తను మనిషిని కొలిచింది గానీ దారిని చూడలేదు.

"అయితే ఆ దారేందో నేనూ చూడాల. మేడమ్‌ను బండి అడుగుతా."

గుంపు వెళ్లడానికి వారం ముందు, సెలవు రోజు పొద్దున్నే బయల్దేరారు. కొండ మీదికి ఫోర్ వీల్ బండ్లనే పోనిస్తారు. మేడమ్ బండి అలాంటిదే. దాన్ని నడిపే సంజీవ్‌ది నిర్మల్ పక్క ఊరు. వచ్చిన కొత్తలో సైట్‌లో కూలి పని చేసి, తర్వాత లైసెన్స్ తీసుకుని డ్రైవరయ్యాడు. నఫీసా చేతి మిషన్‌ను దుప్పట్లో చుట్టి వెనక సీటు మీద పెడుతుంటే నోరు తెరుచుకుని చూశాడు.

"గీ మిషన్ ఎటు తీస్కపోతున్నవ్ అక్కా?"

"కొండ మీదికి."

"గుట్ట మీద మేకలుంటయ్. వాటికి జాకెట్లు కుడ్తవా?"

"కుడ్తా. కొలతలు నువ్వు తియ్యి."

బిర్కత్ అల్ మౌజ్‌లో ఖర్జూర తోటల పక్కన సైకిలు దింపారు. ఫలజ్ కాలువలో నీళ్లు చప్పుడు లేకుండా పారుతున్నాయి. సిద్రా హెల్మెట్ బిగించుకుని ముందు బయల్దేరింది, బండి వెనక నెమ్మదిగా నడిచింది. తోటలు దాటి వాదీ అనే ఎండిన వాగు పక్క రోడ్డు ఎక్కేదాకా కుర్తా దుకాణంలో ఉన్నట్టే ఉంది. నఫీసా కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ మురిసిపోయింది.

చెక్‌పోస్టు దాటాక కొండ లేచి ఎదురుగా నిలబడింది. రోడ్డు వంపు తిరిగి, మళ్లీ తిరిగి, పైన ఎక్కడో మళ్లీ కనిపిస్తోంది. దిగే బండ్ల బ్రేకులు పట్టకపోతే ఎక్కించి ఆపడానికి పక్కన అక్కడక్కడా ఎత్తు దారులు వేశారు. సంజీవ్ బండిని మొదటి గేరుకు దించాడు. సిద్రా సీటు మీంచి లేచి, నిలబడి తొక్కడం మొదలుపెట్టింది. మొదటి పెద్ద వంపు దాటింది, రెండోది దాటింది. మూడో వంపులో కాలు కింద పెట్టేసింది.

"దమ్ము పోయిందా టీచరమ్మా?" అన్నాడు సంజీవ్.

"దమ్ము కాదు!" సిద్రా రొప్పుతూనే తొడ మీద చరుచుకుంది. "ఇక్కడ పట్టేస్తోంది ఆపా. కాలు లేపినప్పుడల్లా ఎవరో వెనక నుంచి గుంజినట్టుంది."

నఫీసాకు ఆ మాట అక్కర్లేకపోయింది. సిద్రా లేచి తొక్కుతున్నప్పుడే చూసింది: ఎడమ తుంటి నుంచి కుడి భుజం దాకా బట్ట మీద ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. ముడత ఎటు సాగితే అటు బట్ట తక్కువైనట్టు. దుకాణంలో సిద్రా కూర్చునే తొక్కింది. కొండ ఆమెను లేపి నిలబెట్టింది.

సిద్రాకు కప్పుకోవడానికి చున్నీ ఇచ్చి, బండిలోకి పంపి కుర్తా తీసుకుంది. రోడ్డు వారగా వెడల్పుగా ఉన్నచోట బండి నిలిపించి, వెనక తలుపు ఎత్తి, మిషన్ దించకుండా అక్కడే పెట్టుకుంది. రెండు పక్కలా తుంటి దగ్గర కుట్టు విప్పి, వెంట తెచ్చిన అదే రంగు గుడ్డలో త్రికోణపు కలి ముక్కలు కత్తిరించి అతికింది. మిషన్ చక్రాన్ని ఆగకుండా తిప్పుతోంది. పక్క నుంచి పోతున్న ఒక బండి ఆగి, లోపలివాళ్లు అద్దం దించి చూసి, బొటనవేలు ఎత్తి వెళ్లిపోయారు.

"దుకాణం నడుస్తున్నదక్కా. బోర్డు ఒక్కటే తక్కువ," అన్నాడు సంజీవ్.

"దారం పట్టుకో, ఊరికే నిలబడి మాట్లాడబాక."

ఆ తర్వాత సిద్రా ఆగింది నీళ్లకే. ఎక్కే కొద్దీ ఎండలో చలి కలిసింది. నఫీసాకు చెవులు దిబ్బడ పడ్డాయి. లోయ కిందికి, ఇంకా కిందికి పోయింది. దాని గోడల మీద పొరలు పొరలుగా రాయి, చెట్టన్నదే లేదు. పైకి చేరాక ఒక్కసారిగా మెట్ల మెట్ల తోటలు, దానిమ్మ చెట్లు. సిద్రా చేతులు రెండూ వదిలేసి గాల్లో ఆడించింది.

"హ్యాండిల్ పట్టుకో పిల్లా!" నఫీసా అరిచింది, తనే సైకిలు మీద ఉన్నట్టు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. పైన రోడ్డు ఎత్తుపల్లాలుగా పోతుంది. మొదటి దిగుడులోనే కుర్తా వెనక భాగంలోకి గాలి దూరి పడవ తెరచాపలా ఉబ్బింది. నఫీసా పక్కల్లో వేసిన వదులు గాలికి ఇంకా కలిసొచ్చింది. అంచు ఎగిరి చక్రం వైపు కొట్టుకుంటోంది. సిద్రా భయపడి బ్రేకు పట్టి దిగిపోయింది. ముఖంలో నవ్వు లేదు.

"దిగుళ్లన్నీ నడిచిపోతే నన్ను ఎవరు రానిస్తారు ఆపా? వాళ్లు చెప్పిందే నిజమేమో."

నఫీసా ఎగిరే అంచును చేత్తో పట్టి చూసింది. గుడ్డ తగ్గిస్తే ఎక్కుడు పాడవుతుంది, తగ్గించకపోతే దిగుడు. రోడ్డు కింద తోటలో ఒక ముసలావిడ గులాబీలు కోస్తోంది. ఏప్రిల్ నెల, కొండంతా గులాబీల కాలం. ఆవిడ తన పొడవాటి బట్ట ముందు అంచును ఎత్తి నడుములో దోపుకుని, ఆ ఒడిలో పూలు నింపుతోంది. మెట్ల గట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది, అంచు మాత్రం ఎక్కడా కాలికి అడ్డం రావడం లేదు.

నఫీసాకు సొంతూరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ప్రొద్దుటూరు పక్క చేలల్లో చెనిక్కాయలు పీకే ఆడవాళ్లు కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి, కాసె పోసి కట్టుకునేవాళ్లు. పని అయ్యాక ఒక్క గుంజుడుతో వదిలేస్తే మళ్లీ మామూలు చీరే.

"సిద్రా, కుర్తా ఇయ్యి. సంజీవూ, టిచ్ బొత్తాల డబ్బీ ఎక్కడ పెట్టినావ్?"

"నీ ఒళ్లోనే ఉంది అక్కా."

కుర్తాను నడుము కింద నుంచి ముందూ వెనకా మధ్యలో చీల్చింది. వెనక సగం అంచును కాలి లోపలి వైపు నుంచి తిప్పి ముందు సగానికి బొత్తాలతో నొక్కితే, ప్రతి కాలికీ వదులైన ఒక గొట్టంలా అయ్యింది. బొత్తాలు విప్పితే మళ్లీ మామూలు కుర్తానే. పైపైన పొడుగు టాకాలు వేసింది, ఈ పూటకు నిలిస్తే చాలు. ముసలావిడ పైకి వచ్చి, మిషన్‌ను చూసి, బట్టను వేళ్ల మధ్య నలిపి చూసి, తలాడించింది. తర్వాత ఒడిలోంచి దోసెడు పూలు తీసి మిషన్ పక్కన పోసింది.

సిద్రా వేసుకుని దిగుడు మొదట్లో నిలబడింది. సంజీవ్ కిందికి పోయి ఫోన్ పట్టుకున్నాడు.

ఆమె వదిలింది. సైకిలు బాణంలా పోయింది. కుర్తా కొంచెం వణికింది, ఎక్కడిదక్కడే ఉంది. ఊరి దగ్గర మలుపులో కనపడకుండా పోయి, అవతలి ఎక్కుడులో నిలబడి తొక్కుతూ మళ్లీ తేలింది. అక్కడి నుంచి వెనక్కి తిరిగి, అదే దిగుడు, అదే ఎక్కుడు. వచ్చి ఆగకుండా, "ఇంకోసారి!" అని కేకేసి మళ్లీ పోయింది.

"ఇగ పొద్దుగూకేదాకా రాదు," అన్నాడు సంజీవ్.

"పోనీ. పైకి వచ్చిందే దానికి."

కొండ దిగేది గుంపు కూడా బండ్లలోనే, అది వాళ్ల నియమం. సిద్రా సైకిలు బండికి కట్టి, ముగ్గురూ గులాబీల వాసనతో కిందికి వచ్చారు.

తర్వాతి రోజుల్లో నఫీసా టాకాలన్నీ విప్పి, అసలు కుట్టు కుట్టింది. కలి ముక్కల మొనల దగ్గర రెండుసార్లు తిప్పి గట్టి చేసింది, అక్కడే బరువు పడుతుంది. బొత్తాలను ఒక్కొక్కటీ లాగి చూసింది. ఒకటి వదులనిపిస్తే తీసి వేరేది వేసింది. గురువారం సిద్రా స్కూలు నుంచి నేరుగా వచ్చేసరికి ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగా ఉంది.

"సంజీవ్ భాయ్ తీసిన వీడియో గుంపులో పెట్టినా ఆపా. మా లీడర్ చూసి, రేపు సైకిలు మీదే రా అంది. ఇంకో ఇద్దరు నీ నంబర్ అడుగుతున్నారు."

"వాళ్లనూ సైకిళ్లు తీసుకరమ్మను. మనిషి ఒక్కతే వస్తే కొలతలు తియ్యను."

నఫీసా చివరి పోగు కొరికి తెంపింది. కుర్తాను మడిచి, బొత్తాలు లోపలికి పోయేలా సర్ది, సిద్రా చేతుల్లో పెట్టింది.