గుమ్మం కింద పొడి

వీధిలో అందరూ అతన్ని మందాయన అంటారు. ఇళ్లలో చెదలకీ, చెక్కను తొలిచే పురుగులకీ మందు కొట్టడం అతని పని. అతను ఒకసారి కొట్టి వెళ్లిన ఇంట్లో పురుగు మళ్లీ తలెత్తదు. ఆ గొప్పే ఇప్పుడు అతని కొంప ముంచింది.

ఒక ఫర్నిచర్ కొట్లో మందు కొడుతుంటే వీపు మీద ఇటుకరంగు చార ఉన్న పెంకుపురుగు ఒకటి చచ్చి పడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ చూడని రకం. కాగితంలో చుట్టి, కాలేజీలో కీటకాల పాఠం చెప్పే మేడం దగ్గరికి పట్టుకెళ్లాడు.

"ఇది సముద్రం పక్క ఊళ్లలో ఉండేది. ఇంత లోపలికి వచ్చినట్టు ఎవరూ రాయలేదు," అంది మేడం.

"అయితే నేనే మొదట పట్టానన్నమాట."

"అప్పుడే అనకండి. ఏ లారీలోనో చెక్కతో పాటు వచ్చి ఉండొచ్చు. ఇక్కడే పుట్టి పెరుగుతోందని తేలాలి. చెక్క లోపల దాని పిల్లపురుగు దొరికితే చెప్పండి."

అతనికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ చంపినవాడనే పేరే తప్ప మరో పేరు లేదు. ఒక్క పురుగునైనా కనిపెట్టినవాడు అనిపించుకోవాలని మనసు పీకింది.

కాళ్లరిగేలా తిరిగాడు. పాత ఖాతాదారుల ఇళ్లలో మంచాల కింద దూరాడు, కిటికీ చట్రాలు తట్టి చూశాడు. పురుగు తొలిస్తే రాలే చెక్కపొడి ఎక్కడా చిటికెడైనా లేదు.

"ఎందుకుంటాయి? మీరే కదా చంపింది," అని బట్టలు కుట్టే ఆవిడ నవ్వింది. ఇంకొకాయనైతే, బేరాలు తగ్గి పురుగుల్ని మీరే వదులుతున్నారా అని అడిగాడు. మందాయన తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు. వంటింటి గుమ్మం దగ్గర భార్య ఊడుస్తోంది.

"మళ్లీ పొడి రాలుతోంది. ఒకసారి చూడండి."

"చూస్తాలే. ఊరంతా తిరిగి చచ్చి వస్తే నీ గోల ఒకటి," అని విసుక్కున్నాడు. అంటూ అంటూనే ఆగిపోయాడు.

స్క్రూడ్రైవర్ తెచ్చి గుమ్మం చెక్క పెకలించాడు. లోపల తెల్లగా, లావుగా పిల్లపురుగులు. వాటి పక్కనే ఇటుకరంగు చారతో పెంకుపురుగు. అందరి ఇళ్లకీ మందు కొట్టినవాడు సొంతింటికి కొట్టలేదు. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అక్కడే కూలబడ్డాడు.

ఫోటోలు పంపగానే మేడం ఫోన్ చేసింది. "అదేనండీ. రేపే వచ్చి చూస్తాను. ఇక్కడ మొదట ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో రాయాలి. మీ పేరే కదా?"

అవునందామని నోరు తెరిచాడు. ఎదురుగా భార్య చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"మా ఆవిడ చూసింది. ఎప్పుడన్నది తననే అడగండి," అని ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు.

"రెండేళ్లయిందండీ," అందామె. "అప్పట్నుంచీ ఈయనకి చెబుతూనే ఉన్నాను."