ట్రంపెట్ ఊదితేనే కనబడిన హెర్నియా

ఆ రోజు పరకాలలో పెళ్లి. ఉదయం పదకొండు గంటలకు ఎదురుకోళ్లు. పెళ్లికొడుకు తరఫువాళ్లు కార్లు దిగారు, ఆడపిల్లవాళ్లు పానకం బిందెతో ఎదురొచ్చారు, మధ్యలో మా బ్యాండు. నేను ట్రంపెట్ ఊదుతాను. ఇరవై రెండేళ్లుగా ముందు వరుసలో నడిచేది నేనే. గొప్ప చెప్పుకోవడం కాదు, వరంగల్ చుట్టుపక్కల "సదానందం వస్తాండా?" అని అడిగాకే బ్యాండు మాట్లాడుకునేవాళ్లున్నారు. సరే, కొంచెం గొప్ప చెప్పుకోవడమే.

పాట చివర ఒక పైస్వరం పట్టి, జనం ఈలలు వేసేదాకా నిలపడం నా అలవాటు. ఆ రోజు అక్కడికి వచ్చేసరికి కుడి గజ్జలో ఏదో జారినట్టయింది. నొప్పి అని కూడా అనలేను, ఒక బరువు. ఊదడం ఆపగానే పోయింది కానీ స్వరం మధ్యలో తెగిపోయింది. మా రెండో ట్రంపెట్ కొమురయ్య నావైపు తిరిగాడు. మా చిన్నమ్మ కొడుకు, నాకంటే ఏడాది చిన్న.

"ఏందన్నా, గాలి దిగిందా?" అన్నాడు.

నవ్వేశాను. ఆ పూట మళ్లీ పైస్వరం జోలికి పోలేదు.

మా యూనిఫాంలో ఎర్ర కోటు మీద వెడల్పాటి పట్టీ ఒకటి కట్టుకుంటాం. దాన్ని నడుం మీద నుంచి గజ్జల దాకా దించి బిగిస్తే ఆ బరువు తెలిసేది కాదు. మహా తెలివైన పని కనిపెట్టాననుకున్నాను. కొన్ని వారాలు అదే నా వైద్యం.

డాక్టర్ దగ్గరికి ఎందుకు పోలేదంటే, సాయిలు మామ వల్ల. ఆయన మా బ్యాండులో శాక్సాఫోన్ ఊదేవాడు. పదహారేళ్ల కింద హెర్నియా ఆపరేషన్ అయింది. ఆ తర్వాత ఒక్కరోజు కూడా శాక్సాఫోన్ ముట్టలేదు. రోజూ సాయంత్రం బ్యాండు దుకాణం మెట్ల మీద కూర్చుని మా ప్రాక్టీసు వింటాడు. కడుపు మీద కోత పడితే ఇక ఊదలేరని మా అందరి నమ్మకం. ఎవరు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదు, ఆయన్ని చూస్తున్నాం కదా. నేనూ అట్లా మెట్ల మీద కూర్చోవాల్సి వస్తుందేమోనని భయం పట్టుకుంది. నాకు ఇంకో పని రాదు. పని మాట అట్లా ఉంచండి, నువ్వెవరివని అడిగితే చెప్పుకోవడానికి నాకు ఇంకో మాట లేదు.

నా భార్య స్వరూప ఇంటి ముందు కిరాణం దుకాణం నడుపుతుంది. మనిషి మొహం చూసి కడుపులో ఉన్నది చెప్పే రకం. ఒకరోజు నేను పట్టీ విప్పుతూ మూలగడం విన్నది.

"ఏమైంది?"

"గ్యాస్."

"గ్యాస్ గజ్జలకు ఎప్పటిసంది దిగుతాంది?"

మర్నాడే మా వీధి చివర ఉండే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన స్కానింగ్ రాశాడు. పొద్దున్నే, పరగడుపున, స్కానింగ్ సెంటర్‌లో మంచం మీద పడుకోబెట్టి చూశారు. రిపోర్టులో అంతా నార్మల్ అని వచ్చింది. గ్యాస్ మాత్రలు ఇచ్చారు. నా సంతోషం చూడాలి. బ్యాండు మొత్తానికి మిర్చి బజ్జీలు తినిపించాను. "నార్మల్ అట" అని అందరికీ చెప్పాను. స్వరూప ఒక్కతే నమ్మలేదు.

మూడు నెలలు గడిచాయి. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలు ముందు, పట్టపగలు, ఊదుతుండగా గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. ఈసారి ఊదడం ఆపినా పోలేదు. చెమటలు పట్టాయి. పక్కనే ఉన్న టీ కొట్టు బల్ల మీద మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాను. కొమురయ్య తన కోటు నా మీద కప్పి, స్వరూపకు ఫోన్ చేసి, నా జాగాలో ముందుకు పోయి ఊదాడు. నేను బల్ల మీద పడుకుని అది విన్నాను. బాగా ఊదాడు, నిజం చెప్పాలి. ఆ వినడం నొప్పి కంటే ఎక్కువ బాధ పెట్టింది. అరగంటకు ఆ ఉబ్బు గుడగుడమంటూ దానంతటదే లోపలికి పోయింది.

స్వరూప ఆటోలో వచ్చింది, నన్ను ఒక్క మాట అనకుండా అటు నుంచి అటే సర్జన్ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె తిట్టలేదంటేనే నాకు భయం వేసింది.

సర్జన్ ఒక డాక్టరమ్మ. నిలబెట్టి, గజ్జ మీద వేలు పెట్టి, "దగ్గండి" అన్నది. దగ్గాను.

"ఇంత మర్యాదగా దగ్గితే ఎట్ల? గట్టిగ."

గట్టిగా దగ్గాను. తగిలీ తగలనట్టుందని చెప్పింది. తర్వాత నా పాత రిపోర్టు చూసింది.

"నొప్పి ఎప్పుడు వస్తది?"

"పైస్వరం పట్టినప్పుడు మేడం."

"పడుకుంటే?"

"పడుకుంటే ఏముండదు."

"మరి స్కానింగ్ ఎట్ల చేసిండ్రు?"

"పడుకోబెట్టి చేసిండ్రు."

రిపోర్టు పక్కన పెట్టేసింది. "పడుకుంటే లోపలికి పోయేదాన్ని పడుకోబెట్టి వెతికితే ఏం దొరుకుతది? రేపు మీ ట్రంపెట్ పట్టుకొని రండి."

"దవాఖానల ఊదుడా మేడం?"

"పెండ్లిల ఊదినట్టే ఊదాలె. ఊరికె పీపీ అంటే ఒప్పుకోను."

మర్నాడు పెట్టె పట్టుకుని స్కానింగ్ గదిలోకి పోయాను. దీన్ని డైనమిక్ అల్ట్రాసౌండ్ అంటారట. మనిషిని నిలబెట్టి, ముక్కించి, దగ్గించి, లోపల ఏం కదులుతోందో అప్పటికప్పుడు చూస్తారు. నాకు ముక్కడం బదులు ఊదడం. స్కానింగ్ డాక్టర్ సారు స్టూలు మీద కూర్చుని, గజ్జకు జెల్లీ పూసి, ప్రోబ్ ఆనించాడు. డాక్టరమ్మ స్క్రీన్ దగ్గర నిలబడ్డది. నేను చొక్కా పైకి, ప్యాంటు కిందికి, చేతిలో ట్రంపెట్. నా జీవితంలో అట్లాంటి వేషంలో కచేరీ అదే మొదలు.

"ఏ పాట సార్?"

"పాట వద్దు. నొప్పి వచ్చే ఆ ఒక్కటి కొట్టు."

కొట్టాను. చిన్న గది, గోడలు అదిరాయి. సారు మాత్రం కన్ను తిప్పలేదు. "పట్టు, పట్టు, వదలకు. వచ్చింది చూడు." డాక్టరమ్మ స్క్రీన్ నావైపు తిప్పింది. కండరంలో ఒక సందు, దాంట్లోంచి పేగు మెల్లగా తొంగి చూసింది. ఊదడం ఆపగానే లోపలికి పోయింది. ఇన్ని నెలలు నన్ను సతాయించినదాన్ని కళ్లారా చూశాను. కోపమూ వచ్చింది, ఒక రకమైన ధైర్యమూ వచ్చింది. కనబడే శత్రువుతో ఏదో ఒకటి చేయొచ్చు.

తర్వాత ఎడమ వైపు పెట్టి మళ్లీ ఊదమన్నారు. అక్కడ కూడా చిన్న సందు ఉంది.

"ఆ పక్క నాకు నొప్పే లేదు కద సార్?"

"నొప్పి లేనంత మాత్రాన హెర్నియా లేనట్టు కాదు."

అప్పటికి తలుపు బయట జనం. సెక్యూరిటీ ఆయన లోపలికి తల పెట్టి ఏం గొడవని అడిగాడు. విషయం విని, నేను బయటికి వచ్చాక నా నంబర్ రాసుకున్నాడు. వాళ్ల బిడ్డ పెళ్లి ఉందట.

నేను సీజన్ అయిపోయాక ఆపరేషన్ చేయించుకుంటానని బేరం పెట్టాను. డాక్టరమ్మ నావైపు కాదు, స్వరూప వైపు చూసి చెప్పింది. "ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, వాంతులు అయినా, పేగు ఇరుక్కున్నట్టు. అప్పుడు గంటలు కూడ ఆగొద్దు. ఒకసారి బల్ల మీద పడుకుంటే పోయింది. ప్రతిసారి పోతదని నేను చెప్పలేను." స్వరూప అక్కడే తేదీ ఖాయం చేసేసింది. నన్నెవరూ అడగలేదు.

నేను అడగాల్సిందల్లా ఒక్కటే. "మళ్ల ఊదుతనా మేడం?"

ఆమె కాగితం మీద బొమ్మ గీసింది. పాత పద్ధతిలో గజ్జ మీద కోసి, సందు రెండు పక్కలా లాగి గట్టిగా కుట్టేవాళ్లట. ఇప్పుడు పైనుంచి కోసినా మెష్ అనే మెత్తటి వలగుడ్డ పెడతారు, పూర్తి మత్తును తట్టుకోలేనివాళ్లకు ఆ పద్ధతే మంచిదట. నాకు లాప్రోస్కోపిక్. మూడు చిన్న రంధ్రాలు, కెమెరా, కండరం వెనక నుంచి మెష్. రెండు పక్కలకూ అవే రంధ్రాలు. వెనక నుంచి ఎందుకంటే, కడుపులో ఒత్తిడి పెరిగేకొద్దీ అది మెష్‌ను గోడకే అదుముతుందట. నాకు వెంటనే అర్థమైంది. టైరుకు లోపలి నుంచి అతుకు పెడితే గాలి కొట్టేకొద్దీ పట్టుకుంటుంది కదా.

"అంటే నేను ఊదితె దానికే బలం?"

"ఆరు వారాలు ఆగి ఊదితే. అంతకు ముందు ఊదితే నాకు కోపం." ఆరు వారాలని చీటీ మీద రాసి, కింద గీత గీసి ఇచ్చింది. బీడీలు మానాలని కూడా రాసింది. దగ్గు కుట్లకు శత్రువట. మానేశానని చెప్పాను. వారం తర్వాత స్వరూప నా కోటు జేబులో కట్ట పట్టుకుంది. అప్పుడు నిజంగా మానేశాను.

ఆపరేషన్ గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, మత్తులో ఉన్నాను. లేచాక వింతగా గజ్జ కంటే భుజం నొప్పి పెట్టింది. కెమెరా కోసం కడుపులో నింపిన గ్యాస్ వల్ల అట్లా ఉంటుందని నర్సమ్మ చెప్పింది. ఈసారి నిజంగానే గ్యాస్ అని స్వరూపతో గొప్పగా చెప్పాను. సాయంత్రమే లేపి నడిపించారు. మర్నాడు ఇంటికి పంపించారు. వారంలో వీధి చివరి దాకా నడిచి వచ్చాను. ఇంత సులువైన దానికా ఇంతగా భయపడ్డానని నవ్వుకున్నాను.

పదో రోజు స్నానం చేస్తుంటే కుడి గజ్జలో మళ్లీ ఉబ్బు. అదే చోట, అదే సైజు. మెష్ జారిపోయిందనుకున్నాను. స్వరూపకు కూడా చెప్పలేదు. ఆ రోజు సాయిలు మామ నన్ను చూడ్డానికి వచ్చాడు. ఆయనకు చెప్పాను.

"నాకూ గట్లనే ఉబ్బిందిరా," అన్నాడు. "మళ్ల తిరుగబెట్టిందనుకున్న. ఇగ ఊదితె సస్తనని పెట్టె మూసేసిన."

"డాక్టర్‌కు చూపించలే?"

"దేనికి? ఊదొద్దని ఆయన ముందే చెప్పిండు కద."

"ఎన్ని దినాలు ఊదొద్దన్నడు మామా?"

"గది నేనడగలే," అన్నాడు.

ఆయన పోగానే స్వరూపకు సంగతి చెప్పి, ఆమెను తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను, అంటే మెల్లగా ఆటోలో. మళ్లీ స్కానింగ్, మళ్లీ నిలబెట్టి. ఈసారి ఊదకుండా ముక్కు మూసుకుని ముక్కమన్నారు. మెష్ తెల్లటి గీతలా కనబడింది, కదలలేదు. ఉబ్బులో ఉన్నది పేగు కాదు, నీరు. సెరోమా అంటారట. చాలామందికి వస్తుందట.

"సూది పెట్టి తీస్తరా?"

"ముట్టుకోను. అదే ఆరిపోతది. జర ఫికర్ చేయకుండ ఇంటికి పోండి." నెల దాటేసరికి నిజంగానే ఆరిపోయింది.

ఆరు వారాలు నిండిన రోజు మళ్లీ చూపించుకుని, సరేనన్నాక ట్రంపెట్ తీశాను. మొదట మెల్లటి స్వరాలు. పెదాలు మొద్దుబారి పిల్లి అరిచినట్టు వచ్చింది. స్వరూప దుకాణంలోంచి "గిరాకీలు పోతాండ్రు, ఆపు" అన్నది. పోయి చూస్తే ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రెండు నెలలు రెండో వరుసలో నడిచాను, కొమురయ్య వెనక. ఒప్పుకోవడానికి మనసు రాలేదు కానీ నడిచాను. రఘునాథపల్లిలో ఒక ఎదురుకోళ్ల నాడు కొమురయ్యే పక్కకు జరిగి, "ఇగ రా అన్నా, నా పెదాలు పలుగుతానయ్" అన్నాడు. ముందుకు పోయాను. పైస్వరం పట్టాను. గజ్జలో ఏమీ కదలలేదు. జనం ఈలలు వేసినా ఆపలేదు, ఇంకా పట్టాను. ఏడాది దాటింది, ఇప్పటికీ ముందు వరుసే. ఎప్పుడైనా ఎక్కువ దూరం నడిస్తే కుడి వైపు కొంచెం లాగినట్టు ఉంటుంది, అంతే.

ఒకటి మాత్రం మిగిలింది. చెకప్‌కు పోయినప్పుడు సాయిలు మామ గురించి డాక్టరమ్మను అడిగాను. ఆయనకు చేసిన పాత ఆపరేషన్ తర్వాత కూడా మామూలుగా అయితే రెండు మూడు నెలలకు మళ్లీ ఊదొచ్చని చెప్పింది. నెల రోజులు ఆ మాట ఆయనకు చెప్పలేకపోయాను. ఒకరోజు ఆయనే అడిగాడు, దుకాణం మెట్ల మీద.

"డాక్టరమ్మను నా సంగతి అడిగితివా? ఏమన్నది?"

చెప్పాను. సాయిలు మామ కోపం తెచ్చుకోలేదు. నోరు తెరిచి చూపించాడు. ముందు పళ్లు లేవు. శాక్సాఫోన్ పట్టాలంటే పళ్లు కావాలి.

"పదహారేండ్లు. నన్నెవ్వలు ఆపలే సదానందం, నేనే ఆగిన," అన్నాడు.

అందుకే చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ ఏదైనా వద్దంటే తల ఊపి లేచి రాకండి. ఎప్పటిదాకా వద్దో అక్కడే అడగండి, ఆ తేదీ చీటీ మీద రాయించుకోండి.