సాగర్ రోడ్డు మీద సముద్రం

అత్తమామల ముందు ఒక అల్లుడి పరువు ఎంత దూరం పోగలదని మీలో ఎవరికైనా అనుమానం ఉంటే నన్నడగండి. నాది ఎల్‌బీ నగర్ నుంచి చీరాల దాకా పోయింది. అదీ బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని, దారి పొడవునా ఈల వేసుకుంటూ.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది నిండలేదు. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. మా నాన్న మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. గల్లా దగ్గర ఆయన, చీరలు విప్పి పరిచే చోట నేను. కాపురం ఎల్‌బీ నగర్‌లో. నా భార్య సౌజన్య వాళ్లది నరసాపురం. ఆమె పుట్టకముందే వాళ్లు దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చి స్థిరపడ్డారు. స్థిరపడ్డారంటే మా మామయ్య శరీరం ఒక్కటే ఇక్కడికి వచ్చింది, నాలుక అక్కడే ఉండిపోయింది. ఇక్కడి చేపను చూస్తే "ఇది చేప కాదండీ, చేప ఫొటో" అనేవారు. సాయంత్రం డాబా మీద చల్లగాలి వీస్తుంటే "గాలి బానే ఉంది, ఉప్పేదీ?" అనేవారు.

నాకేమో నీళ్లంటే వాటర్ ట్యాంకరే. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసిన పాపాన పోలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మామయ్య నన్ను ఎవరికి పరిచయం చేసినా ఒకటే వరస. "మా అల్లుడుగారండీ. బంగారం. సముద్రం ఒక్కటే చూళ్లేదు." వినేవాళ్లకు అదెలా ఉంటుందంటే, "మనిషి అన్ని విధాలా బాగానే ఉన్నాడు, తలకాయ ఒక్కటే లేదు" అన్నట్టు.

ఈ బాధ లోపల ముదిరి ముదిరి, మామయ్య రిటైరయిన రోజు విందులో బయటపడింది. బంధువులందరి ముందూ లేచి నిలబడ్డాను.

"మామయ్యా, మిమ్మల్ని నేను సముద్రానికి తీస్కపోతా. మామూలు బీచ్ గాదు, బీచ్ క్లబ్బు! ప్రశాంతంగ ఉండాలె, తిండి మస్తుండాలె."

"క్లబ్బెందుకండీ అల్లుడుగారూ? ఒడ్డున తువ్వాలు పరుచుకుంటే చాలదూ?"

"తువ్వాలు మీద కూసునే రోజులు పోయినయ్. గదంతా నాకొదిలెయ్యిండ్రి."

వదిలేశారు. అక్కడే కొంప మునిగింది.

మాకు దగ్గర్లో ఉన్న సముద్రం చీరాలది. అందుకని ఫోన్ తీసి చీరాల పేరు, బీచ్ క్లబ్బు, ప్రశాంతత, మంచి భోజనం అని అన్నీ కలిపి కొట్టాను. అన్నిటికంటే పైన ఒక ప్రకటన మెరిసింది. నీలి అలలు బీచ్ క్లబ్. ఫొటోల్లో తెల్లటి ఇసుక, కొబ్బరి చెట్లు, గొడుగుల కింద కుర్చీలు, నీలంలో ముంచి తీసినట్టున్న నీళ్లు. ఆ నీలం చూసి నేను పరవశించిపోయాను. చీరల వ్యాపారిని కదా, రంగు దగ్గరే పడిపోతాను. కింద అడ్రస్ ఉంది: సాగర్ రోడ్డు. దాని కింద సన్నటి అక్షరాల్లో ఇంకేదో కూడా ఉంది. చదవలేదు.

అయ్యా, నేను పుట్టి పెరిగింది ఎల్‌బీ నగర్‌లో. మా చౌరస్తా నుంచి నాగార్జునసాగర్‌కు పోయే రోడ్డును లోకమంతా సాగర్ రోడ్డనే అంటుంది. ఆ రోడ్డు మీద నా బండికి పంక్చర్ పడని మలుపు లేదు. అయినా ఆ క్షణంలో నా బుర్ర ఏమందో తెలుసా? "సముద్రం పక్కన సాగర్ రోడ్డు కాక మీర్‌పేట్ రోడ్డు ఉంటదా?" అంది. కొనేముందు అంచు తిప్పి చూడండమ్మా అని రోజూ ఆడవాళ్లకు చెప్పే నోరు నాది. నా దాకా వచ్చేసరికి కొంగు చూసి డబ్బు కట్టాను.

కట్టేముందు మాట్లాడలేదా అంటారేమో. మాట్లాడాను. అదే ఇంకా సిగ్గుచేటు.

"అన్నా, సముద్రం ఎంత దూరం ఉంటది?"

"కుర్సీల కూసొని కాలు సాపితే తడుస్తది సార్," అన్నాడు మేనేజరు. మన యాసే! మన పిల్లగాడు అంత దూరం పోయి సముద్రం దగ్గర మేనేజరయ్యాడని నాకు గర్వం కూడా కలిగింది.

"గాలి మంచిగొస్తదా?"

"పెద్ద పెద్ద ఫ్యాన్లు పెట్టినం సార్."

సముద్రానికి ఫ్యాన్లెందుకని మీకు తోచింది కదా? నాకు తోచలేదు. ఎంత గొప్ప క్లబ్బో, ఉన్న గాలి చాలదని ఫ్యాన్లు కూడా పెట్టారనుకున్నాను.

"అలలు?"

"గంటకోసారి ఇడుస్తం సార్. పొద్దుగూకితే అలలు బంద్."

జనాన్ని గంటకోసారి నీళ్లలోకి వదులుతారని అర్థం చేసుకున్నాను. క్రమశిక్షణ నచ్చింది.

"చేపలు ఫ్రెష్షేనా?"

"పొద్దుగాలనే మార్కెట్ల కొనుక్కొస్తం సార్. మీరు ఎక్కడికెల్లి వస్తున్నరు?"

"ఎల్‌బీ నగర్."

"అరె, అయితే మస్తు దగ్గర సార్!"

పక్కనే కూర్చుని వింటున్న సౌజన్య, "ఏవండీ, ఒక్కసారి మ్యాప్‌లో చూడండి," అంది.

"మనిషితోని మాట్లాడిన గదా, ఇంక మ్యాప్‌తోని ఏం పని?" అన్నాను. మగవాళ్లు మ్యాప్ చూడరు. మేం దారిని నమ్ముతాం.

ఆదివారం తెల్లవారుతూనే ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కాం. అంతకుముందు రోజే అత్తమ్మ, "దారిలోకి పులిహోర కలపనా బాబూ?" అనడిగితే నేను చెయ్యెత్తి ఆపేశాను. "వద్దత్తమ్మా. అక్కడ రొయ్యలు మనకోసం ఎదురుచూస్తుంటయ్." దారిలో బస్సు టిఫిన్లకు ఆగితే ఎవర్నీ ఇడ్లీ ముట్టనివ్వలేదు. "ఆకలి దాచుకోండ్రి, క్లబ్బుల పనికొస్తది" అని కాపలా కాశాను. మామయ్య ఉత్త టీ తాగి, నా వంక ఒకలా చూసి, సీట్లోకి వెళ్లి కూర్చున్నారు.

చీరాలలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఆటో మాట్లాడుకుని సముద్రం వైపు సాగుతుంటే మామయ్య ఉన్నట్టుండి కళ్లు మూసుకున్నారు.

"ఉప్పు," అన్నారు మెల్లగా. "గాలిలో ఉప్పొచ్చిందే!"

ఆ ముఖంలో వెలుగు చూసి నా ఛాతీ ఆటోలో పట్టలేదు. ఇంతలో ఆటో అతను వెనక్కి తిరిగాడు.

"నీలి అలలంటే ఎక్కడండీ? నేనెప్పుడూ వినలా."

"కొత్తది గావచ్చు. సాగర్ రోడ్డుల ఉంది."

"ఆ రోడ్డు కూడా వినలా."

తీరం వెంబడి కనపడిన రిసార్టు గేటు దగ్గరల్లా ఆగి అడిగాం. ఎక్కడా ఆచూకీ లేదు. కాస్త అన్నమైనా పెట్టమంటే, ఆదివారం కదా, బుకింగ్ లేనిదే లోపలికి రానివ్వమన్నారు. వెనక సీట్లో అత్తమ్మ కడుపు చేసిన చప్పుడు ఆటో ఇంజన్ మీదుగా వినపడింది. ఇక లాభం లేదని మేనేజరుకు ఫోన్ కొట్టాను. అందరూ వినాలని, నా పలుకుబడి అందరికీ తెలియాలని, స్పీకర్ కూడా పెట్టాను. పోయేకాలం!

"సార్, ఏడున్నరు? మీకోసమే సూస్తున్నం."

"దగ్గరికొచ్చినం. మీ బోర్డు కనపడ్తలేదు."

"కుడిదిక్కు పెట్రోల్ బంకు ఉందా?"

చూస్తే నిజంగానే ఉంది. "ఉంది!"

"దాని ముందట ఫంక్షన్ హాలు?"

అదీ ఉంది! "ఉంది, ఉంది!" అంటూ మామయ్య వైపు విజయగర్వంతో చూశాను.

"అయితే వచ్చేసిండ్రు సార్. వెనక్కి మర్రి సూడుండ్రి. దూరంగ మెట్రో పిల్లర్లు కనపడ్తయ్."

నలుగురం వెనక్కి తిరిగాం. ఆటో అతను కూడా తిరిగాడు. ఆరేసిన వలలు, వాటి పక్కన నెమరేస్తున్న ఒక గేదె.

"మెట్రో పిల్లర్లా?"

"అవ్ సార్, ఎల్‌బీ నగర్ మెట్రో. ఆఖరి స్టేషన్ దిగి సాగర్ రోడ్డెక్కితే మేమే."

స్పీకర్ ఆపుదామంటే వేలు ఆ బటన్‌కు తప్ప అన్నిటికీ తగులుతోంది. "మరి అన్నా... సముద్రం?"

"స్విమ్మింగ్ పూల్ సార్. అలలు మిషన్ తోని వస్తయ్. ఇసుక మాత్రం ఒరిజినల్, లారీల తెప్పించినం."

ముందు సముద్రం, వెనక మామగారు. మధ్యలో నేను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్ల గురించి విన్నాను. చంకలో బీచ్ క్లబ్బు పెట్టుకుని రాష్ట్రం దాటినవాణ్ణి మాత్రం చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మామయ్య గొంతు సవరించుకున్నారు. "అల్లుడుగారూ, నాకు సరిగ్గా అర్థమైందో లేదో చెప్పండి. మనం సముద్రం ఒడ్డున నిలబడి, సముద్రం ఎక్కడుందని ఎల్‌బీ నగర్‌కి ఫోన్ చేశాం. అంతేనా?"

"అంతే మామయ్యా."

అత్తమ్మ సముద్రం వైపు చూస్తూ "పులిహోర..." అంది. తిట్టినా బాగుండేది. సౌజన్య కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. ఏడుస్తోందని హడలిపోయాను. నవ్వుతోంది.

మా మీద జాలిపడింది ఆటో అతనే. "మా పిన్ని వండిపెట్టుద్ది, రండి" అని జాలరి గుడిసెల వైపు తిప్పాడు. తాటాకు పాక, రెండు బల్లలు, పొయ్యి ముందు ఆ పిన్ని మస్తానమ్మ. మేం బీచ్ క్లబ్బు కోసం వచ్చి దారి తప్పామని ఆటో అతను చెబితే ఆవిడ గరిటె పట్టుకుని ఆలోచనలో పడింది.

"కలబ్బా? అదేం చేపయ్యా? మా రేవులో ఆ పేరుది ఎప్పుడూ పళ్లా."

"ఎల్‌బీ నగర్‌లో పడుతుందమ్మా, లారీల్లో తెప్పిస్తారు," అన్నారు మామయ్య.

వంట అయ్యేలోగా సముద్రాన్ని పలకరించి వద్దామని నేను ఒక్కణ్ణే నీళ్లలోకి దిగాను. తప్పు చేసినవాడు పెద్దల ముందు కూర్చోలేడు కదా. మొదటి అల పాదాలు తడిపింది. మర్యాదగా ఉందే అనుకున్నాను. రెండో అల నన్ను వెల్లకిలా పడేసింది. మూడోది నా చెప్పులు పట్టుకుపోయింది. ముక్కులోకి, చెవుల్లోకి మామయ్య అడిగిన ఉప్పంతా వచ్చి చేరింది. లేద్దామంటే కాళ్ల కింద ఇసుక జారిపోతోంది. ఆ క్షణంలో నిజంగానే భయమేసింది. అంతలో ఎవరో కాలరు పట్టి పైకి లేపారు. చూస్తే మామయ్య. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పాతికేళ్లు తగ్గిపోయినట్టున్నారు.

"అలకి ఎదురు నిలబడకూడదండీ. పక్కకి తిరగాలి. అల వెళ్లిపోయాక మళ్లీ నిటారుగా నిలబడాలి. కాపురమైనా అంతే!"

అని పకపకా నవ్వారు. పెళ్లయ్యాక ఆయన నన్ను చూసి కాకుండా నాతో కలిసి నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత ఏం తిన్నామో చెబితే మీరు పుస్తకం పక్కన పడేసి బస్సెక్కుతారు. వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, చింతపండు పులుసులో మెత్తగా విడిపోయే చేప ముక్క. మామయ్య పులుసు గిన్నె తన వైపు లాక్కున్నారు. ఆయన నాలుక సొంత ఊరు చేరుకుందని మాకు అర్థమైంది. పాకలో అలల చప్పుడు తప్ప మరే అలికిడీ లేదు. నాకు మెల్లగా ధైర్యమొచ్చింది.

"నేను చెప్పిందేంది? ప్రశాంతంగ ఉండాలె, తిండి మస్తుండాలె. రెండూ అయినయ్ గదా!"

సౌజన్య నా విస్తట్లోని ఆఖరి రొయ్య తీసి తన నోట్లో వేసుకుంది. అదే శిక్ష.

ఇక్కడితో ఆగితే బాగుండేది. మేం తిరిగొచ్చాక మేనేజరు ఫోన్ చేసి, మా బుకింగ్ వచ్చే ఆదివారానికి మార్చానన్నాడు. నేను వద్దంటుంటే మామయ్య ఫోన్ లాక్కుని "వస్తున్నాం" అన్నారు. "ఆ సముద్రమేదో నా కళ్లతో చూడాలి."

వెళ్లాం. చుట్టూ రేకుల ప్రహరీ, లోపల లారీ ఇసుక, ప్లాస్టిక్ కొబ్బరి చెట్లు, స్పీకర్లో సముద్రపు పక్షుల కూతలు. మెడలో విజిల్ వేసుకున్న మేనేజరు ఎదురొచ్చి దండం పెట్టాడు. ఇస్త్రీ పంచెలో మామయ్య చేతులు వెనక్కి కట్టుకుని, తనిఖీకి వచ్చిన అధికారిలా పూల్ అంచున నిలబడ్డారు.

"ఏమయ్యా," అన్నారు వెటకారంగా, "మీ సముద్రానికి ఆటుపోట్లు కూడా ఉన్నాయా?"

మేనేజరుకు వెటకారం అందలేదు. ఎంతో వినయంగా చెప్పాడు.

"ఉన్నయ్ సార్. కరెంటు పోతే ఆటు. జనరేటర్ ఏస్తే పోటు."

మామయ్య ఒక్క క్షణం అతని వైపు చూశారు. తర్వాత నవ్వు మొదలైంది. నవ్వి నవ్వి, పంచె పట్టుకుని నవ్వి, కుర్చీ అనుకుని లేని చోట కూర్చోబోయి, నీలి అలల్లోకి వెల్లకిలా పడ్డారు. సరిగ్గా అప్పుడే విజిల్ మోగి అలలు వదిలారు. పట్టి లేపుదామని నేను పరిగెత్తితే, "వదిలెయ్యండి అల్లుడుగారూ! పక్కకి తిరగక్కర్లేదు, పాపం ఇది మంచి అల!" అంటూ తేలుతున్నారు.

ఆ రోజే ఆయన మెంబర్‌షిప్ తీసుకున్నారు. ఆదివారాలు ఎక్కడా కనపడరేమని దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా అడిగితే గంభీరంగా చెబుతారు: "సముద్రానికి వెళ్తున్నానండీ. మా అల్లుడుగారే కనిపెట్టారు."

కావున సమస్త పాఠక మహాజనులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై నేను ఏ సముద్రానికి బయలుదేరినా అది ఏ జిల్లాలో ఉందో ముందుగా విచారించెదను. అలలకు వేళలు చెప్పు మేనేజర్లతో బేరము పెట్టుకొనను. తూర్పు సముద్రం వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి మరీ ఈ ప్రమాణం చేస్తున్నాను.

తూర్పు ఎటో మాత్రం సౌజన్యను అడిగి తెలుసుకున్నాను.